స్ట్రింగ్ సిద్ధాంతంలో పరిశోధక జీవితం: ఎన్నేళ్లు పడుతుంది, ఏం చదవాలి, ఎంతవరకు ఆశించవచ్చు

మీరు అడిగినవి మూడు విషయాలు. బీటెక్ రెండో సంవత్సరంలో ఉన్న మీకు, కణాలను బిందువులుగా కాక కంపించే సన్నని తంతువులుగా చూసే స్ట్రింగ్ సిద్ధాంతంలో పరిశోధన చేయాలని ఉంది, ఇప్పుడు దారి మార్చుకోవడం సాధ్యమేనా అన్నది మొదటిది. స్థిరమైన ఉద్యోగం దొరికేసరికి ఎన్నేళ్లు పడుతుంది, అసలు దొరుకుతుందా అని మీ నాన్నగారు అడుగుతున్నది రెండోది. విదేశాలకు వెళ్లక తప్పదా అన్నది మూడోది. నేను సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో పనిచేస్తున్నాను. పీహెచ్‌డీ ప్రవేశాల ఇంటర్వ్యూల్లోనూ, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన పదవి) దరఖాస్తుల పరిశీలనలోనూ చాలాకాలంగా పాల్గొంటున్నాను. అందువల్ల నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తాను. రెండో ప్రశ్నకే ఎక్కువ చోటు కేటాయిస్తాను, ఎందుకంటే విద్యార్థులకు ఎవరూ సూటిగా చెప్పనిది అదే.

ముందు నా అభిప్రాయం చెప్పి తర్వాత కారణాలకు వస్తాను. ఇరవై ఏళ్ల వయసులో స్ట్రింగ్ సిద్ధాంతం తప్ప మరేదీ చేయనని గిరి గీసుకోకండి. సూక్ష్మ కణాలను వర్ణించే క్వాంటమ్ క్షేత్ర సిద్ధాంతం, గురుత్వాకర్షణను వర్ణించే సాధారణ సాపేక్షతా సిద్ధాంతం, వాటికి కావలసిన గణితం బాగా పట్టుబడినవారు స్ట్రింగ్ సిద్ధాంతంలోకి ఎప్పుడైనా రాగలరు. ఆ పునాది లేకుండా పై అంతస్తులోని మాటలు మాత్రమే నేర్చుకున్నవారు, ఆ రంగంలో గాలి కాస్త మారగానే ఎటూ కాకుండా పోతారు. ఇది నా ఊహ కాదు, ఈ రంగంలో మన దేశం నుంచి అందరికంటే పేరు పొందిన అశోక్ సేన్ జీవితక్రమమే చూపిస్తుంది.

ఆయన 1956లో కలకత్తాలో పుట్టారు. ప్రెసిడెన్సీ కళాశాలలో డిగ్రీ, ఐఐటీ కాన్పూర్‌లో ఎమ్మెస్సీ చదివి, అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో 1982లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఆ పీహెచ్‌డీ స్ట్రింగ్ సిద్ధాంతంలో కాదు. ప్రోటాన్ల వంటి కణాల లోపల ఉండే క్వార్కులను, వాటిని కలిపి ఉంచే గ్లూయాన్లను వర్ణించే క్వాంటమ్ క్రోమోడైనమిక్స్‌లో, అతి తక్కువ శక్తి గల గ్లూయాన్లు వెలువడినప్పుడు లెక్కలు ఎలా మారతాయన్న ప్రశ్న మీద ఆయన పనిచేశారు. ఆ తర్వాత ఫెర్మీల్యాబ్‌లో మూడేళ్లు పోస్ట్‌డాక్‌గా ఉన్నారు. ఆయన అక్కడ ఉండగానే, 1984లో, మైకేల్ గ్రీన్, జాన్ ష్వార్జ్ కలిసి, సూపర్‌సిమెట్రీ (పదార్థ కణాలనూ బల కణాలనూ జతపరిచే సౌష్ఠవం) చేర్చిన సూపర్‌స్ట్రింగ్ సిద్ధాంతంలో అందరూ భయపడిన ఒక గణిత వైరుధ్యం తనంతట తానే రద్దవుతుందని చూపించారు. ప్రపంచమంతటా యువ పరిశోధకులు ఒక్కసారిగా అటు తిరిగారు. సేన్ కూడా తిరిగారు. ఏడాది గడవకముందే ఐదు సూపర్‌స్ట్రింగ్ సిద్ధాంతాల్లో కనిపించే హెటెరోటిక్ స్ట్రింగ్ మీద ముఖ్యమైన పత్రాలు రాశారు. పీహెచ్‌డీలో నేర్చుకున్న క్షేత్ర సిద్ధాంతం చేతిలో ఉంది కాబట్టే అంత త్వరగా రాయగలిగారు. ఆపైన స్టాన్‌ఫర్డ్‌లోని స్లాక్‌లో మరో మూడేళ్లు పోస్ట్‌డాక్ చేసి, 1988లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో, అంటే టీఐఎఫ్ఆర్‌లో చేరారు. 1995లో అలహాబాద్‌లోని మెహతా పరిశోధన సంస్థకు మారారు. ఝూన్సీలో ఉన్న ఆ సంస్థనే ఇప్పుడు హరీశ్‌చంద్ర పరిశోధన సంస్థ అంటున్నాం. ప్రస్తుతం ఆయన బెంగళూరులోని ఐసీటీఎస్ అనే సైద్ధాంతిక శాస్త్రాల కేంద్రంలో ఉన్నారు.

ఆయనను ప్రపంచానికి చాటిన పని 1994 నాటిది, బొంబాయిలో కూర్చుని చేసినది. విద్యుదావేశాలూ అయస్కాంత మోనోపోళ్లూ (ఒకే ధ్రువం ఉన్న ఊహాత్మక అయస్కాంత కణాలు) తమ పాత్రలను మార్చుకున్నా కొన్ని సిద్ధాంతాలు మారకుండా ఉంటాయని మోంటోనెన్, ఆలివ్ 1977లోనే ఊహించారు. అయితే ఆ మార్పిడిలో బలహీనమైన అంతఃచర్య బలమైనదిగా మారుతుంది. బలమైన అంతఃచర్యను లెక్కకట్టే మార్గం లేదు కాబట్టి, ఈ ఊహను పరీక్షించడానికి వీల్లేదని చాలామంది పక్కన పెట్టేశారు. ఆ ఊహ నిజమైతే రెండు మోనోపోళ్లు కలిసి ఒక నిర్దిష్టమైన బంధిత స్థితిగా ఏర్పడాలని, అది అంతఃచర్య బలంతో నిమిత్తం లేకుండా ఉండి తీరాలని సేన్ గమనించారు. రెండు మోనోపోళ్ల కదలికను వర్ణించే జ్యామితి అప్పటికే తెలుసు. దాని మీద ఆ స్థితికి సరిపోయే గణిత రూపాన్ని ఆయన స్పష్టంగా రాసి చూపించారు. ఆ చిన్న పత్రం తర్వాత డ్యుయాలిటీ అనే ఈ పాత్రల మార్పిడిని ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. మరుసటి ఏడాది ఎడ్వర్డ్ విట్టెన్ ఐదు సూపర్‌స్ట్రింగ్ సిద్ధాంతాలనూ ఒకే చట్రంలోకి తెచ్చినప్పుడు, దానికి నేలను చదును చేసినవాటిలో ఈ పత్రం ఒకటి. 2012లో తొలి ఫండమెంటల్ ఫిజిక్స్ బహుమతి పొందిన తొమ్మిది మందిలో సేన్ ఒకరు. ఒక్కొక్కరికి 30 లక్షల డాలర్లు ఇచ్చారు. మీ నాన్నగారికి ఆ మొత్తం కంటే ముఖ్యమైన అంకె మరొకటి ఉంది. అంతటివారు కూడా పీహెచ్‌డీ తర్వాత ఆరేళ్లు తాత్కాలిక పదవుల్లో గడిపి, 32వ ఏట ఈ దేశంలో స్థిరపడ్డారు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. బీటెక్ పూర్తయ్యేసరికి మీకు ఇరవై రెండేళ్లు వస్తాయి. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిసి ఉండే సమీకృత పీహెచ్‌డీలో చేరితే ఆరేడేళ్లు, ఎమ్మెస్సీ చేసి చేరితే అది రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదేళ్లు. ఎటు వెళ్లినా డాక్టరేటు చేతికొచ్చేసరికి ఇరవై తొమ్మిదికి దగ్గరవుతారు. ఆ తర్వాత ఒక్కొక్కటి రెండు మూడేళ్లుండే పోస్ట్‌డాక్ పదవులు కనీసం రెండు, కొందరికి మూడు. అంటే అధ్యాపక పదవి వస్తే ముప్పై మూడు, ముప్పై ఆరేళ్ల మధ్య వస్తుంది. ఇందులో ఆకలితో మాడే దశ ఏదీ లేదు. 2023 జనవరి నుంచి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్ దశలో 42,000, మన దేశంలో పోస్ట్‌డాక్ స్థాయి రిసెర్చ్ అసోసియేట్‌కు 58,000 నుంచి 67,000 వరకు ఉంది; ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ఐఐటీలో గ్రేడ్ 1 అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 1,01,500 దగ్గర మొదలవుతుంది. మీతో బీటెక్ చదివినవారు సాఫ్ట్‌వేర్‌లో ఇంతకంటే ముందే, ఇంతకంటే ఎక్కువ సంపాదిస్తారు. చెల్లెలి పెళ్లో, ఇంటి అప్పో మీ జీతం మీదే ఆధారపడి ఉంటే ఆ సంగతి ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ముప్పయ్యో ఏట, మూడో దేశంలో ఉండి, ఫోనులో మాట్లాడుకోవలసిన విషయం కాదది.

పరిశోధక విద్యార్థి రోజు ఎలా ఉంటుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే చాలామంది ప్రజాదరణ పొందిన పుస్తకాలు, వీడియోలు చూసి వస్తారు. వాటిలో పదకొండు పరిమాణాలూ, సమాంతర విశ్వాలూ ఉంటాయి. అసలు పనిలో కాగితం, కలం, గుర్తుల తప్పులు వెతకడం ఉంటాయి. మొదటి సంవత్సరం విద్యార్థి చేసే ఒక లెక్క చెబుతాను. రెండు కొసలూ విడిగా ఉన్న ఒక స్ట్రింగ్‌ను తీసుకోండి. స్థలకాలాల పరిమాణాలు మొత్తం డి అనుకుంటే, స్ట్రింగ్ అడ్డంగా కంపించగల దిక్కులు డి నుంచి రెండు తీసివేసినన్ని. క్వాంటమ్ నియమం ప్రకారం ప్రతి కంపనానికీ దాని పౌనఃపున్యంలో సగం శక్తి నిశ్చల స్థితిలోనే ఉంటుంది. పౌనఃపున్యాలు 1, 2, 3 ఇలా అనంతంగా పోతాయి. ఆ మొత్తాన్ని భౌతికంగా అర్థవంతమైన పద్ధతిలో క్రమబద్ధం చేస్తే రుణాత్మకంగా పన్నెండో వంతు మిగులుతుంది. కాబట్టి అన్ని దిక్కులూ కలిపి నిశ్చల శక్తి, డి నుంచి రెండు తీసివేసి ఇరవై నాలుగుతో భాగించినంత, రుణ గుర్తుతో వస్తుంది. ఇక స్ట్రింగ్ తొలి ఉత్తేజిత స్థితిని చూస్తే, దానికి కూడా డి నుంచి రెండు తీసివేసినన్ని రూపాలే ఉన్నాయి. మన నాలుగు పరిమాణాల్లో ద్రవ్యరాశి లేని ఫోటాన్‌కు రెండే ధ్రువణాలుంటాయి, ద్రవ్యరాశి ఉన్న అలాంటి కణానికి మూడు కావాలి. అదే తర్కంతో ఈ స్థితికి ద్రవ్యరాశి ఉండకూడదు. ఒకటి నుంచి ఆ నిశ్చల శక్తి పరిమాణాన్ని తీసివేస్తే సున్నా రావాలంటే డి ఇరవై ఆరు కావాలి. సూపర్‌స్ట్రింగ్‌కు ఇదే తరహా లెక్కలో పది వస్తుంది. పరిమాణాల సంఖ్యను ఎవరూ ముందుగా ఎంచుకోలేదు, అది లెక్కలోంచి తనంతట తాను బయటపడింది. ఇది మొదటిసారి చేతితో చేసి చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు నేటికీ తగ్గలేదు. ఈ లెక్కకు ఐదు పేజీలు పట్టినా విసుగు రాకపోతే ఈ రంగం మీకు సరిపోతుంది. వీడియో చూస్తున్నప్పుడు వచ్చే ఉత్సాహాన్ని కొలమానంగా పెట్టుకోకండి.

పీహెచ్‌డీ మొదటి ఏడాది పాఠాలు, పరీక్షలు ఉంటాయి. ఆ తర్వాత గైడ్‌ను ఎంచుకోవాలి, ఈ ఎంపికకు సంస్థ పేరు కంటే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వండి. గైడ్ తన విద్యార్థులతో కలిసి బోర్డు మీద లెక్క చేస్తారా, వారి పూర్వ విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారు, విద్యార్థి తనంతట తాను ప్రశ్న ఎన్నుకునే దశకు వస్తున్నాడా అన్నవి చూడాలి. ఈ రంగంలో పత్రాల మీద రచయితల పేర్లు అక్షరక్రమంలో వస్తాయి. కాబట్టి ఎవరి వాటా ఎంతో పత్రం చూసి తెలియదు, సిఫారసు లేఖ చూసే తెలుస్తుంది.

ఆ లేఖల అవసరం పోస్ట్‌డాక్ దశలో పూర్తిగా అర్థమవుతుంది. పీహెచ్‌డీ చివరి ఏడాది శరదృతువులో, సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు, ప్రపంచమంతటా ఉన్న బృందాలకు పదుల సంఖ్యలో దరఖాస్తులు పంపాలి. ఒక్కోదానికి పత్రాల జాబితా, రెండు మూడు పేజీల పరిశోధన ప్రణాళిక, మూడు సిఫారసు లేఖలు. ఆ దరఖాస్తులు చదివేవారు ముందుగా లేఖలే తెరుస్తారు. "కష్టపడి పనిచేస్తాడు, క్రమశిక్షణ గలవాడు" అని రాసిన లేఖ వల్ల లాభం ఉండదు. ఫలానా పత్రంలో ఫలానా మలుపు ఈ అమ్మాయి ఆలోచనే, మేము ఇరుక్కుపోయిన చోట ఆమె మరో దారి చూపించింది అని రాసిన లేఖ దరఖాస్తును పైకి తెస్తుంది. మూడు లేఖల్లో కనీసం ఒకటి మీ గైడ్‌ది కాకుండా, వేరే సంస్థలో ఉండి మీతో కలిసి పనిచేసినవారిది కావాలి. అందుకే పీహెచ్‌డీ మూడో ఏట నుంచే ఇతర బృందాలతో పరిచయం పెంచుకోవాలి. ఇటలీలోని ట్రియెస్టెలో ఐసీటీపీ అనే అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం నడిపే వసంతకాల పాఠశాల, ఐసీటీఎస్ కార్యక్రమాలు, మన దేశంలో స్ట్రింగ్ పరిశోధకులందరూ కలిసే జాతీయ సమావేశం ఇందుకు ఉపయోగపడతాయి. అక్కడ మంచి ప్రశ్న అడిగిన విద్యార్థిని పెద్దవాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

మన ఇళ్లలో ఈ దశ మరో రకంగా కూడా కష్టం. ఇరవై ఎనిమిదేళ్లకు పెళ్లి మాట వస్తుంది, "ఇంకా చదువేనా" అని బంధువులు అడుగుతారు, రెండేళ్లకోసారి దేశం మారే మనిషికి సంబంధం చూడటం పెద్దలకు ఇబ్బంది. భార్యాభర్తలిద్దరూ పరిశోధకులైతే ఒకే ఊళ్లో రెండు పదవులు దొరకడం చాలా అరుదు. అమ్మాయిల మీద ఈ ఒత్తిడి రెట్టింపు ఉంటుంది; ప్రతిభకు కొదవ లేని ఆడపిల్లలు సరిగ్గా ఈ దశలోనే రంగం వదిలివెళ్లడం నేను చూస్తూనే ఉన్నాను. ఈ నష్టాన్ని ఆపడానికి సంస్థలు చేయవలసినంత చేయడం లేదన్నది నా స్థిరమైన అభిప్రాయం.

శాశ్వత పదవి విషయానికొస్తే, దాన్ని హామీగా ఎవరూ ఇవ్వలేరు. ఒక ప్రొఫెసర్ తన ఉద్యోగకాలంలో పదిమందికి పీహెచ్‌డీ ఇప్పిస్తే, ఆయన ఖాళీ చేసే కుర్చీ ఒక్కటే. కొత్త ఐసర్‌లు (కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థలు), ఐఐటీలు వచ్చినప్పుడు పదవులు పెరిగాయి. తిరుపతి ఐసర్, హైదరాబాద్ ఐఐటీ మనకు దగ్గర్లో ఉన్న ఉదాహరణలు. ఆ విస్తరణ ఎప్పటికీ అదే వేగంతో సాగదు. ప్రతిభ ఉన్నవారికి కూడా కాలం కలిసిరాకపోవచ్చు. జాన్ ష్వార్జ్ సంగతి చూడండి. ప్రిన్స్‌టన్‌లో శాశ్వత పదవి దక్కక, 1972లో కాల్టెక్‌కు రిసెర్చ్ అసోసియేట్‌గా వెళ్లారు. స్ట్రింగులను దాదాపు అందరూ వదిలేసిన రోజుల్లో, 1974లో, జోయెల్ షెర్క్‌తో కలిసి ఈ సిద్ధాంతం గురుత్వాకర్షణను తనలో ఇముడ్చుకుందని చెప్పారు, వినేవారు లేరు. నోబెల్ గ్రహీత మరే గెల్‌మాన్ అండతో ఆ తాత్కాలిక తరహా పదవిలోనే కొనసాగి, గ్రీన్‌తో కలిసి 1984 ఫలితం సాధించాక, 1985లో ప్రొఫెసర్ అయ్యారు. పన్నెండేళ్లకు పైగా ఆయన భరించిన అనిశ్చితిని ఆదర్శంగా తీసుకోమని నేను ఎవరికీ చెప్పను. అండగా నిలిచిన ఒక్క పెద్దమనిషి లేకపోతే ఆ కథ మరోలా ముగిసేది.

ఇక రంగం ప్రస్తుత స్థితి. స్ట్రింగ్ సిద్ధాంతానికి ప్రయోగం నుంచి నేరుగా ఆధారం ఇంతవరకు దొరకలేదు. 2012లో హిగ్స్ కణాన్ని కనిపెట్టిన ఎల్‌హెచ్‌సీలో, అంటే జెనీవా దగ్గరి భారీ కణ త్వరణ యంత్రంలో, సూపర్‌సిమెట్రీ ఊహించిన కొత్త కణాలు కనిపించలేదు. ఈ మాట ఇంట్లో, ఇంటర్వ్యూలో, సాటి శాస్త్రజ్ఞుల మధ్య మీకు తరచుగా ఎదురవుతుంది, నిజాయితీగా ఒప్పుకోవాలి కూడా. అయితే 1997లో మాల్డసేనా ప్రతిపాదించిన గురుత్వ, క్షేత్ర సిద్ధాంతాల సమానత్వం తర్వాత ఈ రంగం పరిధి చాలా విస్తరించింది. టీఐఎఫ్ఆర్‌లో షిరాజ్ మిన్‌వాలా బృందం 2008 ప్రాంతంలో ఐన్‌స్టీన్ సమీకరణాలకూ ద్రవాల ప్రవాహ సమీకరణాలకూ మధ్య సంబంధాన్ని విదేశీ సహచరులతో కలిసి స్పష్టం చేసింది. కృష్ణబిలాల్లో సమాచారం ఏమవుతుందన్న ప్రశ్న, క్వాంటమ్ ఎంటాంగిల్‌మెంట్, కన్ఫార్మల్ క్షేత్ర సిద్ధాంతాలు, పరిక్షేపణ లెక్కలు ఇప్పుడు యువకులు ఎక్కువగా పనిచేస్తున్న చోట్లు. సేన్ కూడా 2018లో అలోక్ లద్దాతో కలిసి, అతి తక్కువ పౌనఃపున్యం గల గురుత్వ తరంగాల రూపాన్ని నిర్ణయించే సూత్రాల మీద పత్రాలు రాశారు. పీహెచ్‌డీలో తక్కువ శక్తి గ్లూయాన్లు, మూడున్నర దశాబ్దాల తర్వాత తక్కువ శక్తి గ్రావిటాన్లు (గురుత్వాకర్షణను మోస్తాయని భావించే కణాలు): ఇలాంటి ప్రయాణం పునాది గట్టిగా ఉన్నవారికే వీలవుతుంది. నియామక కమిటీల్లో కూడా "స్ట్రింగ్ మనిషి కావాలి" అనే మాట తగ్గి, "క్షేత్ర సిద్ధాంతం, గురుత్వం రెండూ తెలిసి కొత్త ప్రశ్నలు వేయగల మనిషి కావాలి" అనే మాట పెరిగింది.

పదవి రానివారి సంగతి కూడా చెప్పాలి. వారిలో ఎక్కువమంది ఖాళీగా ఉండరు; డేటా సైన్స్, ఫైనాన్స్, కంప్యూటర్ పరిశోధన, కళాశాల బోధన వైపు వెళ్లి బాగానే స్థిరపడతారు. మీరు బీటెక్ నుంచి వస్తున్నారు కాబట్టి ప్రోగ్రామింగ్‌ను మరిచిపోకండి. ఈనాటి సైద్ధాంతిక పరిశోధనకు అది ఎలాగూ అవసరమే. రెండో పోస్ట్‌డాక్ ముగిసేలోగా అధ్యాపక పదవుల ఇంటర్వ్యూ పిలుపులు ఒక్కటీ రాకపోతే, గైడ్‌తోనూ మరో ఇద్దరు పెద్దలతోనూ మొహమాటం లేకుండా మాట్లాడి నిర్ణయం తీసుకోవాలి. ఆ మాట పైకెత్తడానికి ఇబ్బందిపడి మూడేళ్లు పొడిగించుకున్నవారు ఎక్కువ నష్టపోతారు.

విదేశం తప్పనిసరా అంటే, పీహెచ్‌డీకి కాదు. టీఐఎఫ్ఆర్, ఐసీటీఎస్, హరీశ్‌చంద్ర సంస్థ, చెన్నైలోని గణిత శాస్త్రాల సంస్థ ఐఎమ్‌ఎస్‌సీ, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఐఐఎస్సీ, కొన్ని ఐఐటీలు, ఐసర్‌లలో ప్రపంచ స్థాయి బృందాలున్నాయి. పూర్వం కొత్త పత్రాలు పోస్టులో నెలల తరబడి ఆలస్యంగా వచ్చేవి. 1991 ఆగస్టులో పాల్ గిన్‌స్పార్గ్, పత్రాలను ఎవరైనా ఉచితంగా చదువుకునే ఆర్కైవ్ (arXiv) అనే వేదిక మొదలుపెట్టినప్పుడు అందులో మొదటి విభాగం ఈ రంగానిదే. ఇప్పుడు భారతదేశంలో ఉన్న విద్యార్థి వేసవిలో తెల్లవారుజామున ఐదున్నరకు, చలికాలంలో ఆరున్నరకు ఆ రోజు జాబితా తెరిచి, ప్రిన్స్‌టన్‌లోని ప్రొఫెసర్‌తో పాటే చదవగలడు. పోస్ట్‌డాక్‌కు మాత్రం కనీసం ఒకసారి బయటికి వెళ్లండి. ఇక్కడి నియామకాల్లో దానికి విలువ ఉంది, అంతకంటే ముఖ్యంగా వేరే పద్ధతిలో ఆలోచించేవారి మధ్య కొంతకాలం గడపడం అవసరం.

చివరగా, బీటెక్ ఆపి ఎక్కడికీ వెళ్లనవసరం లేదు. పీహెచ్‌డీ ప్రవేశానికి టీఐఎఫ్ఆర్ పరీక్షకు, జెస్ట్ (పలు పరిశోధన సంస్థల ఉమ్మడి పరీక్ష)కు, ఫెలోషిప్‌కు అర్హతనిచ్చే నెట్‌కు బీటెక్ పట్టభద్రులు కూర్చోవచ్చు. ఎమ్మెస్సీ కావాలనుకుంటే జామ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఏ సంస్థ ఏ అర్హత అడుగుతోందో దాని ప్రకటనలో ఆ ఏడాదే చూసుకోండి. ఇంటర్వ్యూలో బీటెక్ విద్యార్థిని మేము స్ట్రింగుల గురించి అడగం. హార్మోనిక్ ఆసిలేటర్, మ్యాక్స్‌వెల్ సమీకరణాలు, ఒక గుండ్రటి చట్రంలో జారే పూస, ఇలాంటివి ఇచ్చి బోర్డు దగ్గరికి పంపిస్తాం. సమాధానం తప్పినా ఫర్వాలేదు, ఎక్కడ తప్పిందో సూచన ఇస్తే పట్టుకుంటున్నాడా అన్నది చూస్తాం. రానున్న రెండేళ్లలో క్లాసికల్ మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం, క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్ ఈ నాలుగింటిలో లెక్కలు చేతితో చేయండి. సాపేక్షత నేర్చుకోవాలన్న తొందర ఉంటే సెలవుల్లో చూసుకోండి. వేసవిలో మూడు సైన్స్ అకాడమీల ఫెలోషిప్‌కు, టీఐఎఫ్ఆర్ వారి వేసవి పరిశోధన కార్యక్రమం వీఎస్ఆర్‌పీకి, ఐసీటీఎస్ వారి ఎస్.ఎన్. భట్ కార్యక్రమానికి దరఖాస్తు చేయండి. వాటిలో ఒక్కదానికి ఎంపికై రెండు నెలలు ఒక బృందంలో కూర్చుంటే, ఈ జీవితం మీకు నచ్చుతుందో లేదో మీ నాన్నగారికి మీరే చెప్పగలుగుతారు.